గుండెపట్టీ సాక్ష్యం

ఆ పొద్దున ఓబులేసుకు ఉన్న ఆస్తి ఇది: ప్రొద్దుటూరులో బెల్లం మండీ, ఒంట్లో చక్కెర జబ్బు, కాగితం ముక్క రాయకుండా లారీ సరుకు దింపించగల నోటిమాట. నాలుగోది అప్పుడే చేరింది. మణికట్టు దగ్గర గుండీ పెట్టుకున్న నిండు చేతుల చొక్కా కింద, కుడి దండచేతికి బిగించిన గుండెపట్టీ.

అది నవీన్ కుమార్‌ది. పులివెందుల నుంచి కొత్తగా వచ్చాడు. రోజూ పొద్దున హైస్కూలు మైదానంలో ఓబులేసు వాళ్ళతో కలిసి నడుస్తాడు. నడిచేటప్పుడు గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో పట్టీ కనిపెట్టి ఫోనుకు చెబుతుందని రోజూ చూపించి మురిసిపోతాడు. డాక్టరు ఓబులేసును కూడా అలాంటిదే కొనుక్కోమన్నాడు. ఇవాళ నవీన్ దాన్ని బెంచీ మీద వదిలేసి కొళాయి దగ్గరికి పోయాడు. ఊరికే దొరికేదానికి బేరమాడే అలవాటు ఓబులేసుకు లేదు. జేబులో అయితే ఎత్తుగా కనబడుతుందని దండకు తొడిగేశాడు.

నవీన్ తిరిగొచ్చి బెంచీ చూశాడు. తర్వాత ఫోను చూశాడు.

"పట్టీ పోయింది గానీ శానా దూరం పోలేదన్నా. ఎవరి గుండెనో కొట్టుకుంటాంది, సూడండి. పది అడుగులు దాటితే ఇది పలకదు."

పది అడుగుల్లో ఉన్నది ముగ్గురే. జమ్మలమడుగు రోడ్డులో తోటలున్న నారాయణ, రిటైరైన టీచరు ప్రభుదాస్, ఓబులేసు.

ఓబులేసు చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. పట్టీ దొంగ అని ఒక్కసారి పేరొస్తే చాలు, రేపటి నుంచి ఏ లారీ వాడూ అతని మాట మీద ఒక్క బెల్లం దిమ్మ కూడా దింపడు. ఇప్పుడు విప్పి పారేద్దామన్నా అందరూ చూస్తున్నారు.

"మీరు పెద్దోళ్ళు. ఒళ్ళు తడిమి సూడను," అన్నాడు నవీన్. "ఒకరి తర్వాత ఒకరు గుంజీలు తీయండి. ఎవరు తీస్తే ఫోన్లో నంబరు ఎగుర్తాదో వాళ్ళ దండకే పట్టీ ఉన్నట్టు."

"గుంజీలా!" ప్రభుదాస్ అదిరిపడ్డాడు. "ఒకరి చేత తీయించినవాణ్ణే గానీ, నేనెప్పుడన్నా తీసినానా?"

"తీయకుంటే నువ్వే దొంగవంటారు సార్," అన్నాడు నారాయణ. "నాకేం భయం? నేనే ముందు."

జేబుల్లో సామాన్లు పడిపోతాయని నవీన్ బెంచీ మీద తువ్వాలు పరిచాడు. ఫోన్లు, పర్సులు, తాళాలు అందులో పడ్డాయి. తన నిజాయితీ కాస్త ఎక్కువగా కనబడాలని ఓబులేసు మెడలో గొలుసు, వేళ్ళకున్న ఉంగరాలు కూడా తీసి పెట్టాడు. "సూసుకో అబ్బీ! దాసుకునేదానికి నా దగ్గర ఏం లేదు."

అతనికి తక్కువ కాకూడదని మిగతా ఇద్దరూ ఒంటి మీది బంగారం తీసి పెట్టారు.

"ఫోను నా చేతిలో ఉంటే మోసమంటారు. మీరే సూడండి," అని నవీన్ దాన్ని వాళ్ళకే ఇచ్చేశాడు. పెద్దవాళ్ళు చెవులు పట్టుకుంటే చూడలేనని మొహం తిప్పుకుని బెంచీ వైపు నిలబడ్డాడు.

నారాయణ మొదలుపెట్టాడు. నంబరు ఎగిరింది. ఎనభై, నూరు, నూట ఇరవై.

"నారాయణా, నువ్వా!" అన్నాడు ప్రభుదాస్.

ఆ నంబరు భయంతో కొట్టుకుంటున్న తన గుండెదేనని ఓబులేసుకు తెలుసు. తనకు బదులు ఒకడు దొరికిపోయాడని లోపల సంతోషించేలోపే ప్రభుదాస్ వంతు వచ్చింది. నంబరు ఇంకా పైకి పోయింది.

"సదువు సెప్పే సారు సేసే పనేనా ఇది?" అని నారాయణ అరిచాడు.

ఇక మిగిలింది తను. ఓబులేసు చెవులు పట్టుకున్నాడు. పొట్ట అడ్డం పడింది, మోకాళ్ళు పటపటలాడాయి, ఊపిరి కమ్మరి తిత్తిలా బుసకొట్టింది. అయిపోయింది, మండీకి ఇక తాళమే అనుకుంటూ కళ్ళు మూసుకున్నాడు.

"డెబ్బై," అన్నాడు ప్రభుదాస్ నీరసంగా. "కదల్లేదు."

చెమటకు పట్టీ జారి ఒంటిని వదిలేసిందేమో! ఏ దేవుడి దయో అడక్కుండా ఓబులేసు దణ్ణం పెట్టుకున్నాడు.

"పట్టీ వాళ్ళిద్దరూ కలిసే తీసినారు," అంటూ నవీన్ ఫోను తీసుకున్నాడు. ముడి వేసిన తువ్వాలు మూట ఓబులేసు చేతికిచ్చాడు. "ఈడ నమ్మదగ్గ మనిషివి నువ్వొక్కడివే అన్నా. పోలీసాయన్ను పిల్చుకొస్తా. అంతదాకా ఈ మూట ఎవరికీ ఇయ్యొద్దు."

నవీన్ బండెక్కి పోయాడు. ఎండ ఎక్కింది. పోలీసు రాలేదు.

"నా ఫోనన్నా ఇయ్యి మామా," అన్నాడు నారాయణ.

"దొంగలకు ఇచ్చేది లేదు," అన్నాడు ఓబులేసు మూట గుండెకు హత్తుకుని.

నారాయణ మాటలతో ఆగే రకం కాదు. మూట లాగాడు. ముడి ఊడింది. జలజలా కంకర రాళ్ళు రాలాయి. ఆ పెనుగులాటలో గుండీ తెగి, చొక్కా చేతిలోంచి పట్టీ జారి అందరి ముందూ ముంజేతి మీద ఆగింది.

"నేను తీసింది ఇదొక్కటే అప్పా! మూట సంగతి నాకు తెలీదు!" ఓబులేసు మొత్తుకున్నాడు.

ప్రభుదాస్ పట్టీ లాక్కుని తిరగేశాడు. వెనక నాడిని పసిగట్టే దీపం లేదు, ఛార్జింగు పెట్టే చోటు లేదు. సంతలో దొరికే ఆట బొమ్మ.

వాళ్ళిద్దరూ చొక్కా చేతులు మడుస్తుండగా ఓబులేసు లెక్క చూసుకున్నాడు: మిగిలింది ఒక ప్లాస్టిక్ బిళ్ళ, కాళ్ళ దగ్గర కంకర; ఫోనులో దడదడలాడి తన వంతుకు నెమ్మదించిన గుండె మాత్రం, అసలు పట్టీ ఒంటికి కట్టుకుని అటు తిరిగి వాళ్ళ బంగారం సర్దుకున్న నవీన్‌ది.