మూడు రోజుల ప్రయాణం

"ఎన్ని గంటల ప్రయాణమమ్మా?"

సోమవారం సాయంత్రం సూట్‌కేసు పక్కన పెట్టుకుని క్యాబ్ కోసం చూస్తున్న సింధూజకు ఒళ్లు మండింది.

యూనివర్సిటీ గేటు ముందు టీ కొట్టు బెంచీ మీద కూర్చునే దానియేలు సంగతి హాస్టల్లో అందరికీ తెలుసు. రిటైరైన గుమాస్తా. పెట్టె కనబడితే చాలు, జిడ్డులా పట్టుకుంటాడు. ఏ ఊరు, ఎంత దూరం, ఎప్పుడు దిగుతావు? పనీపాటా లేని మనిషి!

"శాంటియాగో, తాతా. చిలీ దేశం. పదహారు వేల నాలుగు వందల కిలోమీటర్లు."

ఆ లెక్క ఆమెకు కంఠతా వచ్చు. విమానాశ్రయాల మధ్య దూరం, పట్టే సమయం... నాలుగేళ్లుగా ఆమె పరిశోధన అదే. దాని మీద రాసిన పేపరు అక్కడి సదస్సులో చదవడానికే వెళ్తోంది. నిమిషం తేడా వస్తే నిద్రపట్టని పిల్ల.

ఏం లాభం? ఇంతవరకూ విమానం ఎక్కిన పాపాన పోలేదు. పొద్దున్నుంచీ క్షేమంగా దిగితే చాలు దేవుడా అనుకుంటోంది.

"అమ్మో! మరి ఎప్పటికి దిగుతావు?"

నిజానికి రెండుచోట్ల మారి, మొత్తం ముప్ఫై నాలుగు గంటలు.

అప్పుడే క్యాబ్ వచ్చింది.

"మూడు రోజులు పడ్తది, చాలా?" విసుక్కుంది.

"మూడు రోజులే! లండన్ వెళ్లినమ్మాయి పది గంటలంది..."

"గా లండన్ దగ్గరనే. నాది భూమికి అవతలి పక్క. గురువారం సాయంత్రం దిగుత. ఇగ పోనిస్తవా?"

దానియేలు తల ఊపాడు. చేతిలోని టీ గ్లాసు తాగకుండానే పక్కన పెట్టేశాడు.

"క్షేమంగా దిగుతావులేమ్మా."

సముద్రం మీద విమానం ఊగినప్పుడు ఆ మాటే గుర్తొచ్చింది. ఎందుకో ధైర్యం వచ్చింది.

దిగింది. పేపరు చదివింది. చప్పట్లు కొట్టారు.

పది రోజులకు తిరిగొచ్చి నేరుగా టీ కొట్టుకే వెళ్లింది. "ఉత్తగనే అన్న తాతా, మూడు రోజులు కాదు" అని చెప్పి నవ్వించాలని.

బెంచీ ఖాళీ.

"పెద్దాయన పోయిండు బిడ్డా," అంది టీ కొట్టు సమ్మక్క. "ఇల్లు సీతాఫల్‌మండిల."

తలుపు తీసిన ప్రమీల ఆమెను ఎగాదిగా చూసింది. దానియేలు భార్య.

"నువ్వేనా తల్లీ, మూడు రోజుల పిల్లవి? క్షేమంగా దిగావా?"

"దిగిన అమ్మమ్మా. తాతకు ఏమైంది?"

"ఆయన సంగతి నీకు తెలీదు కదూ. ఇక్కణ్ణుంచి ఏ పిల్ల విమానం ఎక్కినా, దిగేదాకా ఈయనకు ఉపవాస ప్రార్థన. పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు."

"నాకోసం గూడనా అమ్మమ్మా?" అంది సింధూజ.

"గురువారం పొద్దున పదింటికి కళ్లు తిరిగి పడిపోయారు. గ్లాసు నోటి దగ్గర పెడితే తోసేశారమ్మా. సాయంత్రం దాకా ఆగవే, ఆ పిల్ల ఇంకా గాల్లోనే ఉంది అన్నారు."

ఆ పిల్ల దిగి అప్పటికి ఇరవై ఆరు గంటలయింది.