తెగేదాకా

“నా మడిబిందెను దూలానికి ఉరేసినావేందిరా?” అంటూ కమలాంబ గడపలోనే నిలబడిపోయింది.

“ఉరి కాదమ్మా, గురి,” అన్నాడు గురురాజారావు. నోరు హాస్యమాడింది గానీ కళ్లు బిందె మీది నుంచి కదల్లేదు.

ఉయ్యాల కొక్కెం నుంచి జడలా అల్లిన సన్నని దారం వేలాడుతోంది. కింది కొసకు ఇత్తడిబిందె. ఆ జడను చూస్తేనే అతనికి జడుపు. బిందెలోకి చెంబు చెంబుగా నీళ్లు పోస్తున్నాడు.

“దండేనికని తెచ్చినా. ఎంత బరువు ఆపుతాదో చూస్తాండా.”

“ఏ మైల తగిలిన దారమో ఏమో. ఆ బిందె ఇంక మడికి పనికొస్తుందా?”

“పట్టుదారమమ్మా.”

పట్టనగానే ఆమె పట్టు సడలింది. పట్టుకు మైల లేదు. “తెగకపోతే నా చీరలారేసేదానికి ఉంచు,” అని పెరట్లోకి పోయింది.

భార్య అలివేలుమంగ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. “నిజంగా ఎందుకండీ ఇది?”

“చేపకు. చేపకని అమ్మకు చెప్పకు.”

అది ఆఫీసరుగారి గాలం దారం. మద్రాసు నుంచి పోస్టులో వచ్చింది. రేపు ఆదివారం గండికోట కింద పెన్నలో ఆయన చేపలు పట్టబోతున్నారు. దారం చుట్టను తన గుమాస్తా గురురాజారావు చేతిలో పెట్టి, “ఎంత బరువుకు తెగుతుందో చూసి మధ్యాహ్నానికల్లా చెప్పు,” అన్నారు. ఎందుకని ఎవరడుగుతారు? జమ్మలమడుగులో కొలువు చేసేవాడు దొరగారి అడుగులకు మడుగులొత్తాల్సిందే. పోయిన నెల కాఫీ చల్లారిందని ఒక గుమాస్తాను బద్వేలుకు బదిలీ చేసినారు. కాఫీ చల్లారితే బద్వేలు. దారం తెగి చేప జారితే? రాష్ట్రం కొత్తగా పెద్దదయింది. ఆదిలాబాదు దాకా దారి తెరిచే ఉంది.

ఇంకో చెంబు పోశాడు. దారం టప్పున తెగింది. బిందె కిందికి, గుండె పైకి.

“ఏం పడిందిరా?” పెరట్లోంచి కమలాంబ.

“నీళ్లు పడినాయమ్మా.”

“ఈ సీమలో నీళ్లు పడేది మనింట్లోనేనా?”

అతను గోడకు చేరగిలబడ్డాడు. “సగం బిందె కూడా నిండలేదే. మూడు ముళ్లు వేసినా గదా.”

“మూడు ముళ్లు వేసేదాకానే మీ మగవాళ్ల జాగ్రత్త,” అంటూ అలివేలుమంగ తెగిన కొసను వెలుతురులో పట్టి చూసింది. “దారంలో లోపం లేదు. ముడి దగ్గర నలిగి తెగింది. పైన దూలానికి, కింద బిందె మెడకు బాగా చుట్లు చుట్టి, ఆ తర్వాత ముడేయండి. లాగుడంతా చుట్లమీద పోతుంది.”

“చుట్టరికం గట్టిదైతే ముడి నిలుస్తుందంటావు.”

“మాటలు తర్వాత. ముందు బిందె ఎత్తండి.”

బిందెకు పడిన సొట్టను పెరటివైపుకు కనబడకుండా తిప్పి కట్టాడు. మళ్లీ చెంబు. సగం నిండింది. దారం ఆగింది. ముప్పాతిక నిండింది. దారం వీణతీగలా బిగిసింది, అతని దవడలు అంతకంటే బిగిసినాయి. నిండింది. తెగలేదు. అలివేలుమంగ రోట్లోని పొత్రం మోసుకొచ్చి మెల్లగా బిందెలోకి దించింది. నీళ్లు పొర్లినాయి. దూలం కిర్రుమంది. దారం మాత్రం ఉలకలేదు, పలకలేదు.

“ఇంక చాలే. ఇప్పుడు తెగితే దారం కాదు, దూలమే,” అని పొద్దున్నుంచి బిగబట్టిన ఊపిరి వదిలాడు.

“మొదట తెగిన సంగతి చెబుతారా ఆయనకు?”

“చెబితే ఆ ముడి నా మెడకు పడుతుంది. చెప్పను.”

మధ్యాహ్నం ఆఫీసరుగారి బంగళా వరండాలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన గాలం కర్రను ఒళ్లో పెట్టుకుని కూచున్నారు.

“ఎంతకు తెగింది?”

“తెగలేదు సార్. నిండు బిందె, అందులో పొత్రం. అయినా తెగలేదు.”

“ఒక్కసారి కూడానా?”

గురురాజారావు తల అడ్డంగా ఊపినాడు. “ఒక్కసారి కూడా సార్. తమరు నిశ్చింతగా గాలం వెయ్యొచ్చు. ఎంత పెద్ద చేపయినా ఒడ్డెక్కాల్సిందే.”

ఆఫీసరుగారి ముఖం పాలిపోయింది. జేబురుమాలు తీసి నుదురు తుడుచుకుని, అటూ ఇటూ చూసి, మెల్లగా అన్నారు.

“తెగేది కావాలయ్యా నాకు. రేపు నా పక్కన కూచుని గాలం వేసేది కడప నుంచి వచ్చే మా పైఆఫీసరు. ఆయన చేపకంటే నా చేప పెద్దదైతే నా ఉద్యోగం ఏం గావాల?”