బావగారి గదిలో పది నిమిషాలు

"బీపీకీ, ఈ తలనొప్పికీ మందులొక్కటే చాలవు. రోజూ పది నిమిషాలు కళ్లు మూసుకుని ధ్యానం చెయ్యండి" అన్నాడు డాక్టరు.

"నేను కళ్లు మూసుకుంటే ప్రెస్సెవడు నడుపుతాడు?" అని గయ్యిమన్నారు మావారు. అన్నదమ్ములిద్దరూ కలిసి పెట్టుకున్న ప్రింటింగ్ ప్రెస్సు అది. బావగారు పోయిన దగ్గర్నుంచి ఇద్దరి చాకిరీ ఈయనొక్కరే చేస్తున్నారు.

ఇంట్లో చూస్తే పిల్లల గోల. చివరికి నేనే బావగారి గది తాళం తీశాను. బతికున్నన్నాళ్లూ ఆయన నేనున్న వంటింటి గడప దాటలేదు. ఏం కావాలన్నా బయటే నిలబడి, గొంతు సవరించుకుని అడిగేవారు. అలాంటి మనిషి గదిలో అడుగుపెట్టడానికి నాకే మొహమాటమేసింది. అయినా ఆయన కుర్చీ దులిపి, ఈయన్ని కూర్చోబెట్టాను.

నెల తిరిగేసరికి తలనొప్పి మాయమైంది. పడుకోగానే నిద్ర పడుతోంది. పిల్లల మీద అరుపుల్లేవు. బీపీ చూసి డాక్టరే ఆశ్చర్యపోయాడు. నా ప్రాణం కుదుటపడింది.

టీలో చక్కెర వద్దన్నప్పుడు కూడా మురిసిపోయాను. "రెండు చెంచాలు వేసినా చప్పగా ఉందని ఎగిరేవారు, ఇప్పుడేమైందండీ?" అంటే నవ్వేశారు. బావగారికి షుగరుండేదని అప్పుడు నాకు గుర్తే రాలేదు.

ఈ సాయంత్రం ఆ గది తలుపు చప్పుడైంది. "అయిందా ధ్యానం? రండి, టీ చల్లారిపోతోంది" అని వంటింట్లోంచి కేకేశాను.

ఆయన లోపలికి రాలేదు. గడప బయటే ఆగి, తల వంచుకుని, గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయ్, తమ్ముడింకా రాలేదా?"