గొంతు విరిగిన చోటు

ఎమ్మెరిక్ కూడా వస్తాడని రోస్వితకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే జలుబు చేసిందని ఇంట్లోనే ఉండిపోయేది.

ఆమె రేడియో స్టూడియోలోకి వచ్చేసరికి ఆయన మైకు ముందు కూర్చుని ఉన్నాడు. ఎనభై నాలుగేళ్ళు, చేతికర్ర, నల్ల కళ్ళద్దాలు. ఇద్దరూ ఉండేది వియన్నాలోనే, రెండు ట్రాములు మారితే చాలు. అయినా ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత ఇదే చూడటం.

"నమస్కారం, ఆస్థాన విద్వాంసురాలు గారూ. మీరు కులాసాయేనా?" అన్నాడాయన, అడుగుల చప్పుడు విని.

బిరుదుతో పిలవడానికేముంది, ఎవరి బిరుదైనా మర్చిపోతే ఈ ఊళ్ళో కాఫీ కూడా ఆలస్యంగా వస్తుంది. ఆ 'మీరు'కే ఆమె చెంప ఛెళ్ళుమన్నట్టయింది.

ఇక్కడ మీరులోంచి నువ్వులోకి రావడం చిన్న సంగతి కాదు. పెద్దవాళ్ళు నోరు తెరిచి అడగాలి. ఇద్దరూ చేతులు మెలేసుకుని గ్లాసులు ఖాళీ చేయాలి. వాళ్ళిద్దరూ ఊరి చివర గ్రిన్‌జింగ్‌ ద్రాక్షతోటల్లో కొత్త వైన్‌తో ఆ ముచ్చట తీర్చుకున్నారు కూడా. ఒకసారి నువ్వు అన్నవాళ్ళు మళ్ళీ మీరు అన్నారంటే మొహాన తలుపు వేసినట్టే.

"ప్రత్యక్ష ప్రసారం, ఇంకో నిమిషం," అన్నాడు కిలియన్. కార్యక్రమం నడిపే కుర్రాడు. వాళ్ళిద్దరూ చేసిన రికార్డు మళ్ళీ విడుదలవుతోంది. అందుకే ఈ హడావుడి.

పెద్ద పెద్ద సింఫనీలు రాసిన మహానుభావుడొకాయన పంతొమ్మిదేళ్ళప్పుడు కట్టిన ఆరు జర్మన్ పాటలవి. గొప్ప గాయకులెవరూ వాటిని ముట్టుకోలేదు. రోస్విత పాడింది, ఎమ్మెరిక్ పియానో వాయించాడు. మూడో పాట చివర 'ఇంటికి' అనే మాట దగ్గర ఆమె గొంతు చిన్నగా విరుగుతుంది. బిరుదు దాని వల్లే వచ్చింది. సంగీత కళాశాలలో ఆ విరుపు మీద పాఠం చెబుతారు. పిల్లలు దాన్ని సాధన కూడా చేస్తారు, పాపం.

అసలు జరిగింది వేరు.

రికార్డింగుకి రెండు నెలల ముందు ఆమె తల్లి పోయిన మాట నిజం. కానీ ఆ మాట దగ్గర ఆమెకు తల్లి గుర్తు రాలేదు. తల దించితే పియానో కింద ఎమ్మెరిక్ కాళ్ళు కనిపించాయి. ఒక కాలికి నల్ల బూటు, ఒక కాలికి గోధుమరంగు బూటు. కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. బిగబట్టింది. గొంతు విరిగింది. ఆమె రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. సౌండ్ ఇంజనీరు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, "మళ్ళీ పాడొద్దు తల్లీ, ఇదే ఉంచుదాం," అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. ఎమ్మెరిక్ కళ్ళకు ఆ ఏడాదే పొరలు కమ్ముతున్నాయి. ఎవరికీ చెప్పొద్దని ఆమె ఒక్కదానికే చెప్పుకున్నాడు. చూపు ఆనక ఏవో బూట్లు తొడుక్కొచ్చిన మనిషిని చూసి నవ్విందన్నమాట. తన మీద తనకే అసహ్యం వేసింది.

రికార్డు వచ్చాక రేడియోవాళ్ళు అడిగారు, ఆ విరుపేమిటని. "మా అమ్మ గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు," అనేసింది.

వారం తిరక్కుండా ఎమ్మెరిక్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. 'ఇక మీతో వాయించలేను. కారణం మీకు తెలుసు. క్షమించండి.'

తెలుసు. తెలియకేం? నవ్వు ఆయనకు వినబడిపోయింది. పైగా చచ్చిపోయిన తల్లిని అడ్డం పెట్టుకుని ఆడిన అబద్ధం! ఆమె జవాబు రాయలేదు. ఏ మొహంతో రాస్తుంది? అప్పట్నుంచి ఆ పాట ఎక్కడ వినిపించినా లేచి బయటికి వెళ్ళిపోతుంది. తల్లి మీద ఎంత ప్రేమో అనుకుంటారు జనం.

ఇవాళ లేచి వెళ్ళడానికి లేదు. పాట మోగింది. గొంతు విరిగింది. కిలియన్ కళ్ళు చెమర్చాయి.

"ఆ క్షణంలో మీ మనసులో ఏముందండీ?"

పాత అబద్ధం నాలుక చివరే ఉంది. అది చెబితే బిరుదు ఉంటుంది, పరువు ఉంటుంది. ఎదురుగా మాత్రం ఎమ్మెరిక్ ఉన్నాడు. మళ్ళీ కలుస్తారో లేదో.

"నవ్వొచ్చింది," అంది రోస్విత.

"అంటే... ఏడుపా?"

"నవ్వు నాయనా, నవ్వు! ఎమ్మెరిక్ గారి బూట్లు రెండూ రెండు రంగులు. చూపు ఆనని మనిషిని చూసి నవ్వాను. ఆ నవ్వుకి మా అమ్మ పేరు పెట్టి మీ అందర్నీ ఏడిపించాను." చెవుల దాకా ఎర్రబడి, ఎమ్మెరిక్ వైపు తిరిగింది. "సిగ్గుతో చచ్చిపోతున్నానండీ. నన్ను క్షమించండి."

కిలియన్ గబుక్కున గడియారం వంక చూశాడు. ఊరంతా వింటోంది.

ఎమ్మెరిక్ కళ్ళద్దాలు తీశాడు. ఆమె గొంతు వినిపించిన వైపు తిరిగాడు.

"నవ్వావా? నిజంగా నవ్వావా రోస్వీ?"

ఆమె తలూపింది. ఆయనకు కనబడదని గుర్తొచ్చి, "నవ్వాను," అంది.

"పిచ్చిదానా, మీ అమ్మ పోయాక నువ్వు నవ్వడమే మానేశావని, నిన్ను నవ్వించాలని కావాలనే అలా వేసుకొచ్చాను, నువ్వు ఏడ్చావని రేడియోలో విన్నాక, ఏడ్చే మనిషితో వేళాకోళమాడానన్న సిగ్గుతోనే ఇన్నేళ్ళూ నీకు మొహం చూపించలేదు!" అన్నాడు ఎమ్మెరిక్.