బీప్ పడని ఇల్లు

“టీచరమ్మా! డబ్బా ఏదమ్మా?”

గేటవతల నుంచి చెత్త ఆటో బాలమ్మ కేకేసింది. ప్రేమమణి వెనక గదిలో తలుపేసుకుని కూర్చుంది. ఆటో పాట సీతాఫల్‌మండి సందు దాటిపోయాక గానీ బయటికి రాలేదు.

డబ్బాకు బిగించిన ట్యాగుకు బాలమ్మ మెషిన్ ఆనించి బీప్ కొట్టగానే, యాప్రాల్‌లో ఉండే చెల్లెలు హదస్సా ఫోనుకు వాట్సాప్ మెసేజ్ పోతుంది. ట్యాగులిచ్చిన రోజుల్లో ప్రేమమణిది మామూలు ఫోను, అందుకని చెల్లెలి నంబరే రాయించింది. తర్వాత అమ్మ జ్ఞాపకార్థ కూడికలో మాటా మాటా పెరిగి, మాటలే బందయ్యాయి. ఇక మిగిలింది ఆ బీప్ ఒక్కటే. చెత్త లేని రోజున కూడా ప్రేమమణి ఖాళీ డబ్బా బయట పెట్టేది. లేచాను, బాగానే ఉన్నాను అని చెల్లెలికి చెప్పుకోవడమన్నమాట. పంతం ఎంతున్నా ప్రాణం ఊరుకోదు కదా.

ముందురోజే పక్కింటి మేబెల్‌తో అనేసింది. “డబ్బా గేటు లోపలే ఉంచి చూస్తా. మెసేజ్ రాకపోతే మా చెల్లే ఉరికొస్తది.”

“నువ్వే ఫోన్ చేయొచ్చుగా ప్రేమక్కా?”

“పెద్దదాన్ని. నేనెందుకు చెయ్యాలె?”

ఆటో వెళ్లిపోయాక, చెల్లెలికిష్టమని చింతచిగురు పప్పు వండింది. మర్నాడు మంచం మీద కొత్త దుప్పటి పరిచింది. వీధిలో స్కూటర్ ఆగితే చాలు, గుమ్మంలోకి వచ్చేది. చెల్లెలు రాలేదు, ఫోనూ మోగలేదు. ఆ మర్నాటి సాయంత్రానికి ఆశ కాస్తా కోపమైంది. అక్క ఉందో పోయిందో కూడా అక్కర్లేదన్నమాట! ఫోన్ తీసి తనే కలిపింది.

“అక్కా! నువ్వేనా?” హదస్సా సంతోషంగా అరిచింది.

“నేను పోయినా నువ్వు రావొద్దు. నా సమాధి మీద మట్టి సుత వెయ్యొద్దు!”

పెట్టేసింది. ఫోను మళ్లీ మళ్లీ మోగింది. స్విచాఫ్ చేసి, కుమిలి కుమిలి ఏడ్చింది.

తెల్లారి డబ్బా బయట పెట్టింది.

“ఏందమ్మా, పానం బాగలేదా? మూడ్రోజులాయె కనవడక,” అంది బాలమ్మ.

“బాగనే ఉన్న. నా ఇంటికి బీప్ పడకున్నా అడిగే దిక్కు లేదు బాలమ్మా.”

“పడకుంటెట్ల? ఇల్లు మిస్సయితే సూపర్‌వైజర్ నన్ను ఊకుంటడా?” బాలమ్మ నవ్వింది.

“గేట్ల చెయ్యి వెట్టి రోజూ నేనే కొట్టిన.”