యాభై మీటర్ల షరతు

అడవి కొట్టుకోవచ్చు గానీ వాగుకు యాభై మీటర్ల లోపు చెట్టు ముట్టుకోకూడదని షరతు. సర్వేయరు బుర్రే బుర్ర. ముందు కొండమీది చెట్లన్నీ కొట్టించాడు. రెండు వేసవులకు వాగు ఎండిపోయింది. అప్పుడు తీరిగ్గా టేపు పట్టుకొచ్చి, "వాగెక్కడుందిక్కడ?" అన్నాడు. లేదని రికార్డులో రాసి, ఒడ్డు చెట్లు కూడా ఊడ్చేయించాడు.

నిన్నటి వానకు బోడికొండ మీది నీళ్లు మట్టితో సహా ఒక్కసారిగా దిగొచ్చాయి. తేనె తీసి బతికే ఆవిడ ఇల్లు కొట్టుకుపోయింది. పొద్దున్నే కొండకిందే ఉన్న సర్వేయరు ఆఫీసుకొచ్చింది.

"వాగు పొంగి ఇల్లు పోయిందయ్యా. తమరు రాసిస్తే సాయం ఇస్తారంట."

సర్వేయరు ఫైలు తిరగేశాడు.

"ఏ వాగమ్మా? రికార్డులో అక్కడ వాగే లేదు. లేని వాగు ఇల్లెలా ముంచుతుంది? ఇంత సర్వీసులో అబద్ధం రాసిన చెయ్యి కాదిది."

ఆవిడ చీర కుచ్చిళ్లు ఇంకాస్త పైకెత్తి పట్టుకుంది.

"సరేనయ్యా. వాగు లేదుగా, కిందికి దిగి ఆ ముక్కే రాసివ్వండి."

సర్వేయరు దిగలేదు. ప్యాంటు మడుచుకుని, బూట్లు ఒళ్లో పెట్టుకుని, బల్లమీదే ముడుచుకు కూర్చున్నాడు. రికార్డులో లేని వాగు బల్లకింద మోకాలి లోతున పారుతోంది.