సున్నం మరక

తొంభై ఆరులో ఉలిగప్ప సార్ మా పెనుకొండ ఆఫీసుకు సూపరింటెండెంటు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆయనింట్లో మాకు కార్డులాట. వంతు వచ్చినవాడు సగం వాక్యం చెబుతాడు. తక్కినవాళ్లు మిగతా సగం పాత పెళ్లిపత్రికల ముక్కల మీద రాసి, బోర్లా వేస్తారు. ఎక్కువ నవ్వించిన కార్డుదే గెలుపు. రాసిందెవరో తెలియకూడదు.

తెలియకేం! సార్ వేళ్లకు ఎప్పుడూ వక్కాకు సున్నమే. సున్నం మరకున్న కార్డు ఎత్తగానే మా తోటి గుమాస్తా మల్లికార్జున పొట్ట పట్టుకుని దొర్లేవాడు. థూ, అన్నం తినేవాడు చేసే పనేనా అది!

ఆ ఆదివారం వంతు నాది. మర్నాడే హిందూపురం బదిలీల జాబితా మీద సార్ సంతకం పెడతారు; అందులో నా పేరుండాలి.

"మా ఆవిడ నన్ను చూసి ఎప్పుడు నగిందంటే..." అని వదిలాను.

కార్డులు పడ్డాయి. సున్నం మరకున్నది ఎత్తి, తిప్పీ తిప్పకముందే నవ్వు అందుకున్నాను. కళ్లు కూడా తుడుచుకున్నాను.

"ఇదే సార్, ఇదే! నగి నగి కడుపు నొప్పి పుడతాంది."

"చదువప్పా, మేమూ నగుతాం" అన్నాడు మల్లికార్జున.

అప్పుడు చూశాను. కార్డు మీద చేత్తో రాసిన అక్షరం ఒక్కటీ లేదు.

ఉలిగప్ప సార్ వక్కాకు నమలడం ఆపి నావైపు చూశారు.

"నేనింగా రాయనే లేదు కదప్పా. అది వేలు తుడుచుకోని ఆడ పడేసిన కార్డు."

అన్ని ఆదివారాల్లో మొట్టమొదటిసారి, మల్లికార్జున నిజంగా నవ్వాడు.